హిజ్లీ స్మారకం: చెరసాల విద్యాలయమైన చరిత్ర

హౌరా నుండి దక్షిణాదికి సాగే రైలుమార్గంలో సుమారు 115 కిలోమీటర్ల దూరాన ఖరగ్‌పూర్ కూడలి ఉన్నది. మద్రాసు వైపు వెళ్ళే బండ్లకూ, నాగపూర్ మీదుగా బొంబాయి వెళ్ళే బండ్లకూ దారులు విడిపోయే చోటు ఇది. ఈ స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్ల పైచిలుకు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం దానిని మించే వరకు, అనేక దశాబ్దాలపాటు విద్యార్థులు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఏదంటే ఖరగ్‌పూర్ అని జవాబు రాసేవారు. కాని ఈ పట్టణం నేర్పే పాఠాలలో ప్లాట్‌ఫారం పొడవు చాల చిన్నది. స్టేషను నుండి సుమారు 5 కిలోమీటర్లు పోతే, హిజ్లీ అనే చోట, విశాలమైన విద్యాప్రాంగణంలో ఒక పాత కట్టడం కనిపిస్తుంది. దాని పేరు షహీద్ భవన్, అనగా అమరవీరుల భవనం. అక్కడ ఇద్దరు యువకుల స్మృతిచిహ్నం ఉన్నది.

యుద్ధంలో గాయపడి, గాయం మానిన తరువాత ప్రజాసేవకు జీవితాన్ని అంకితం చేసిన సైనికులకు అనేక దేశాలలో దారిప్రక్కన స్మారక ఫలకాలు నిలుపుతారు. బాటసారి ఒక నిమిషం ఆగి, పేరు చదివి, ముందుకు సాగిపోతాడు. హిజ్లీలో అటువంటి చరిత్ర ఒక వ్యక్తిది కాదు, ఒక స్థలానిది. ఆ గోడలు తుపాకి గుండ్ల దెబ్బ తిన్నాయి. రెండు దశాబ్దాలు గడవకముందే ఆ గోడల మధ్యనే చదువు చెప్పడం మొదలైనది. గాయపడిన స్థలం జాతి సేవకు మళ్ళిన ఈ కథలో ఖరగ్‌పూర్ తెలుగువారికి కూడ భాగమున్నది.

రైలు తెచ్చిన జనం

బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. తెలుగువారు బి.ఎన్.ఆర్. అని పిలిచిన కంపెనీ ఇదే. ఖరగ్‌పూర్‌ను కూడలిగా చేసుకుని ఆ కంపెనీ ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇక్కడ పెద్ద కార్ఖానాను నెలకొల్పినది. ఇంజన్లు, పెట్టెలు మరమ్మతు చేసే ఆ కార్ఖానా చుట్టూ క్వార్టర్లు, బజార్లు, బడులు, దేవాలయాలు వెలిశాయి. అంతకుముందు ఎర్రమట్టి బీడు, సాలవృక్షాల అడవి తప్ప ఏమీ లేని చోట పట్టణం పుట్టినది.

ఈ పట్టణానికి తెలుగువారు ఎట్లు వచ్చారు? జవాబు రైల్వే పటంలోనే ఉన్నది. తూర్పు తీరపు రైలుమార్గంలో వాల్తేరు నుండి కటకం వరకు గల ఉత్తర భాగం 1902లో బి.ఎన్.ఆర్. చేతికి వచ్చినది. దానితో విశాఖపట్నం, శ్రీకాకుళం, బరంపురం ప్రాంతాల పల్లెలు ఖరగ్‌పూర్ కార్ఖానాతో ఒకే కంపెనీ దారిలో కలిశాయి. వర్షాభావం, అప్పుల బాధ, భూమి చాలకపోవడం వంటి కష్టాలు ఇంటినుండి బయటకు నెట్టగా, నెల జీతం, రైల్వే క్వార్టరు ఆకర్షించగా కళింగాంధ్ర యువకులు ఉత్తరానికి బండి ఎక్కారు. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగు కూలీలుగా, గుమాస్తాలుగా కుదిరినారు. ముందు వచ్చినవాడు తమ్ముణ్ణి, మేనల్లుణ్ణి, ఊరివాణ్ణి పిలిపించుకున్నాడు. ఇట్లే బెంగాలీలతోపాటు ఒడియా, హిందీ, తమిళ, పంజాబీ భాషలవారు కూడ చేరారు. ఒకే షాపులో, ఒకే భోంగా మ్రోతకు పనిలోకి దిగేవారి ఇళ్ళలో అరడజను భాషలు వినిపించేవి. ఖరగ్‌పూర్‌ను చిన్న భారతదేశమని పిలవడం కేవలం అలంకారం కాదు.

కచేరీగా కట్టి చెరగా మార్చిన భవనం

కార్ఖానాకు కొంత దూరంలో, హిజ్లీలో, మరొక ప్రయోజనం కోసం ఒక భవనం లేచినది. పెద్దదైన మిద్నాపూర్ జిల్లాను విభజించి, హిజ్లీ కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటు చేయాలని బ్రిటిష్ ప్రభుత్వం ఒకప్పుడు తలపెట్టినది. ఎత్తయిన గోపురంతో కూడిన ఈ కట్టడం ఆ జిల్లా కచేరీ కోసం నిర్మించినది. జిల్లా ఏర్పడలేదు, భవనం మిగిలిపోయినది.

1930 ఏప్రిల్ 18న చిట్టగాంగు ఆయుధాగారంపై సూర్యసేన్ అనుచరుల దాడి జరిగినది. అదే నెలలో ఉప్పు సత్యాగ్రహం దేశమంతటా వ్యాపించినది. బెంగాల్ జైళ్ళు నిండిపోయాయి. విచారణ లేకుండానే అనుమానితులను నిర్బంధించే అధికారాన్ని ప్రభుత్వం చట్టం ద్వారా చేతికి తీసుకున్నది. అట్లు నిర్బంధితులైనవారిని డెటిన్యూలు అనేవారు. డెటిన్యూపై నేరారోపణ పత్రం ఉండదు, న్యాయస్థానం ఉండదు, శిక్షాకాలానికి గడువు ఉండదు. ఎప్పుడు విడుదల అవుతాడో అతనికే తెలియదు. 1930లో హిజ్లీ భవనం అటువంటివారి నిర్బంధ శిబిరంగా మారినది. దాని సమీపంలోనే స్త్రీ ఖైదీలకు ప్రత్యేకంగా చెర ఏర్పడినది.

1931 సెప్టెంబరు 16 రాత్రి

1931 సంవత్సరం బెంగాల్‌కు ఉద్రిక్త సంవత్సరం. ఏప్రిల్‌లో మిద్నాపూర్ జిల్లా మేజిస్ట్రేటు పెడ్డీ, జూలైలో ఆలీపూర్ న్యాయమూర్తి గార్లిక్ విప్లవకారుల తుపాకులకు బలి అయినారు. అధికారుల మనసుల్లో భయం, కోపం గూడు కట్టుకున్నాయి. హిజ్లీ శిబిరంలో ఖైదీలకూ, కాపలాదారులకూ నడుమ సంబంధాలు నానాటికీ చెడినాయి.

సెప్టెంబరు 16 రాత్రి కాపలా సిపాయిలు ఖైదీలు నివసించే భవనంపైకి కాల్పులు జరిపారు. ఖైదీల చేతిలో ఆయుధం లేదు. పారిపోవడానికి దారి కూడ లేదు. ఇద్దరు మరణించారు, మరెందరో గాయపడ్డారు. మరణించినవారిలో ఒకరు కలకత్తాకు చెందిన సంతోష్ కుమార్ మిత్ర. ఆయన 1900లో జన్మించి, కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివినవాడు. మరొకరు తారకేశ్వర్ సేన్‌గుప్త. ఆయనది బరిసాల్ జిల్లాలోని గైలా గ్రామం. ఇక్కడ విద్యార్థులు ఒక పొరపాటు పడకుండా జాగ్రత్త వహించాలి. 1934 జనవరిలో సూర్యసేన్‌తోపాటు ఉరికంబమెక్కిన తారకేశ్వర్ దస్తీదార్ వేరొకరు. పేర్లు కలిసినంత మాత్రాన చరిత్రలు కలువవు.

వార్త తెలియగానే సుభాస్ చంద్ర బోసు హిజ్లీకి వచ్చి, మృతదేహాలను స్వీకరించి కలకత్తాకు చేర్చారు. అప్పటికి బెంగాల్ కాంగ్రెసులో రెండు వర్గాల మధ్య తీవ్ర విభేదాలున్నాయి. ఈ విషాదం నేపథ్యంలో ఐక్యతకు దారి ఏర్పడాలనే ఉద్దేశంతో సుభాస్ రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్ష పదవిని వదలుకున్నారు. నాయకుని గుణం పదవిని చేపట్టడంలోనే కాదు, అవసరమైనప్పుడు దానిని విడిచిపెట్టడంలోనూ తెలుస్తుంది.

సత్యాన్వేషణ

ఖైదీలే కాపలాదారులపై దాడికి దిగినందువల్ల కాల్పులు అనివార్యమైనవని మొదటి ప్రభుత్వ ప్రకటన నమ్మించజూచినది. ఆ మాటను ప్రజలు నమ్మలేదు. సెప్టెంబరు 26న కలకత్తా మైదానంలోని స్మారక స్తంభం పాదాన పెద్ద బహిరంగసభ జరిగినది. డెబ్బయ్యేళ్ళ వయసులో, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న సమయంలో రవీంద్రనాథ్ ఠాగూరు ఆ సభకు వచ్చి మాట్లాడారు. రాజకీయ వేదికలకు దూరంగా ఉండే కవి నిరాయుధుల హత్యను చూస్తూ మౌనం వహించలేకపోయారు.

ఆ స్తంభం చరిత్ర కూడ తెలుసుకోదగినది. ఈస్టిండియా కంపెనీ సేనాధిపతి ఆక్టర్లోనీ జ్ఞాపకార్థం 1828లో కట్టిన కట్టడమది. 1969లో దానికి షహీద్ మినార్ అని పేరు మార్చారు. ఇటుక, సున్నం అవే. ఎవరిని స్మరించాలనే విషయంలో జాతి అభిప్రాయమే మారినది.

ప్రజల ఒత్తిడికి తలొగ్గి ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించినది. హైకోర్టు న్యాయమూర్తి ఎస్.సి. మల్లిక్, ఐ.సి.ఎస్. అధికారి జె.జి. డ్రమండ్ అందులో సభ్యులు. ఇరవై తొమ్మిది రౌండ్లు పేలినట్లు వారు గుర్తించారు. భవనంపైకి విచక్షణారహితంగా కాల్పులు జరపడానికి ఎట్టి సమర్థనా లేదని తేల్చిచెప్పారు. ప్రభుత్వం నియమించిన సంఘమే ప్రభుత్వపు మాటను త్రోసిపుచ్చినది. హిజ్లీ కథలో ఈ ఘట్టాన్ని సాధారణంగా త్వరగా దాటిపోతుంటారు. అది సరికాదు. అమరుల త్యాగం ఎంత ముఖ్యమో, ఆ రాత్రి జరిగినది జరిగినట్లు కాగితం మీదికి రావడమూ అంత ముఖ్యం. నివేదిక లేకపోతే మొదటి ప్రకటనే చరిత్రగా నిలిచిపోయేది.

యూనిఫారం లేని మరొక సైన్యం

హిజ్లీలో తుపాకులు పేలిన ఆ సెప్టెంబరులోనే లండన్‌లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశం జరుగుతున్నది. గాంధీజీ అక్కడే ఉన్నారు. కార్మికుల ప్రతినిధిగా ఒక తెలుగు నాయకుడు కూడ ఆ సమావేశానికి హాజరైనారు. ఆయన వరాహగిరి వేంకటగిరి. ఖరగ్‌పూర్ కార్మికులకు ఆయన అప్పటికే సుపరిచితులు.

1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించిన గిరి న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్ వెళ్ళి, అక్కడి స్వాతంత్ర్యోద్యమ ప్రభావానికి లోనై, 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చినది. స్వదేశంలో న్యాయవాదిగా సుఖంగా స్థిరపడగలిగిన వ్యక్తి రైల్వే కార్మికుల కష్టసుఖాలను తలకెత్తుకున్నారు. 1927లో ఖరగ్‌పూర్ కార్ఖానాలో గొప్ప సమ్మె, ఆ తరువాత లాకౌటు జరిగినాయి. ఉద్యోగాల తొలగింపు వేలాది కుటుంబాలను భయపెట్టినది. బి.ఎన్.ఆర్. కార్మిక సంఘ నాయకునిగా గిరి వారి పక్షాన నిలిచి, అహింసామార్గంలో పోరాటాన్ని నడిపారు.

ఈ పోరాటంలో ఉన్నవారు ఒకే భాషవారు కారు. పొయ్యిలో పిల్లి లేవని రోజున తెలుగు ఖలాసీ ఆకలికీ బెంగాలీ ఫిట్టరు ఆకలికీ తేడా ఉండదు. జాతీయ సమైక్యత అనే మాట పాఠ్యపుస్తకాలలోకి రాకముందే, కార్ఖానా గేటు దగ్గర అది ఆచరణలో కనిపించినది.

గిరి తరువాతి జీవితం ప్రజాసేవకు ఉదాహరణ. 1937లో మద్రాసు రాష్ట్ర కార్మిక మంత్రి. క్విట్ ఇండియా ఉద్యమంలో ఖైదీ. 1952లో కేంద్ర కార్మిక మంత్రి. 1954లో ప్రభుత్వ నిర్ణయం కార్మికుల పట్ల న్యాయంగా లేదని భావించి మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1969 ఆగస్టు 24 నుండి 1974 ఆగస్టు 24 వరకు భారత రాష్ట్రపతిగా పనిచేశారు. 1975లో భారతరత్న లభించినది. సమ్మె శిబిరంలో నిలిచిన మనిషి రాష్ట్రపతి భవనానికి చేరిన దారి ఖరగ్‌పూర్ మీదుగా సాగినది.

చెర నుండి చదువుకు

హిజ్లీ శిబిరం 1937లో మూతపడి, 1940లో మళ్ళీ తెరుచుకుని, 1942లో శాశ్వతంగా మూతపడినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ ప్రాంతం విమాన దళాల స్థావరమైనది. 1944లో అమెరికా 20వ బాంబర్ కమాండు ముఖ్య కార్యాలయం ఖరగ్‌పూర్‌లో ఏర్పడినది. యుద్ధం ముగిసినది, దేశం స్వతంత్రమైనది. భవనం మళ్ళీ ఖాళీ అయినది.

ఇంతలో నళినీ రంజన్ సర్కార్ అధ్యక్షతన గల సంఘం దేశపు నాలుగు దిక్కులా నాలుగు ఉన్నత సాంకేతిక విద్యాసంస్థలు కావాలని సూచించినది. మొదటిది బెంగాల్‌లో ఏర్పడడానికి అప్పటి ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ కృషి చేశారు. 1950 మే నెలలో కలకత్తాలో పని మొదలుపెట్టిన ఆ సంస్థ సెప్టెంబరులో హిజ్లీకి మారినది. శాస్త్రవేత్త జ్ఞానచంద్ర ఘోష్ మొదటి డైరెక్టరు. 1951 ఆగస్టు 18న విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ప్రారంభోత్సవం చేశారు. 224 మంది విద్యార్థులు, 42 మంది ఉపాధ్యాయులతో మొదలైన ఆ సంస్థయే భారత సాంకేతిక విద్యాసంస్థ, ఖరగ్‌పూర్. ఐ.ఐ.టి.లలో మొదటిది అదే. కొత్త భవనాలు లేచేవరకు తరగతులు, ప్రయోగశాలలు, కార్యాలయాలు పాత నిర్బంధ శిబిరంలోనే నడిచాయి.

1956 ఏప్రిల్‌లో జరిగిన మొదటి స్నాతకోత్సవంలో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఈ మార్పునే ప్రస్తావించారు. నిర్బంధ శిబిరం ఉన్న చోట దేశ భవిష్యత్తుకు ప్రతీకగా విద్యాసంస్థ నిలవడం దేశంలో వస్తున్న మార్పులకు సంకేతమని ఆయన భావించారు. కొత్త ప్రధాన భవనం ముఖభాగాన, ఈ సంస్థ జాతి సేవకు అంకితమైనదని తెలిపే ఇంగ్లీషు వాక్యం పెద్ద అక్షరాలతో ఉన్నది. పాత భవనంలో 1990 నుండి నెహ్రూ పేరిట విజ్ఞాన, సాంకేతిక ప్రదర్శనశాల వెలసినది. ఏటా సెప్టెంబరు 16న ఇక్కడ అమరులకు నివాళులర్పిస్తారు. కలకత్తాలో సంతోష్ మిత్ర పేరిట ఒక కూడలి కూడ ఉన్నది.

చెరసాలలకు ఇట్టి కొత్త జీవితం లభించడం హిజ్లీకే పరిమితం కాదు. అండమాన్‌లోని సెల్యులార్ జైలు ప్రాంగణంలో ఒక భాగం ఆసుపత్రికి స్థానమిచ్చినది; మిగిలినది 1979లో జాతీయ స్మారకమైనది. అయితే రెండింటికీ నడుమ ఒక తేడా ఉన్నది. అండమాన్‌కు యాత్రికుడు స్మారకాన్ని చూడడానికే వెళతాడు. హిజ్లీలో విద్యార్థి తన తరగతికి వెళుతూ దాని ప్రక్కనుండి నడుస్తాడు. రోజూ కనిపించేదాని వైపు కన్ను వేయకపోవడం మనిషి స్వభావం. కనుక హిజ్లీ స్మారకానికి కాలం కన్న అలవాటే పెద్ద ముప్పు.

ఫలకాన్ని చదివే విధానం

ఏ స్మారక ఫలకాన్నయినా చదివేటప్పుడు నాలుగు విషయాలు గమనించాలి. మొదటిది, ఎవరి పేర్లు ఉన్నాయి అన్నది. రెండవది, ఎవరి పేర్లు లేవు అన్నది. హిజ్లీలో మరణించిన ఇద్దరి పేర్లు చరిత్రలో నిలిచాయి. గాయపడి బ్రతికినవారు మాత్రం చాలవరకు గ్రంథాల మూలలలోనే ఉండిపోయారు. ప్రాణం పోయిన రోజు ఒక్కటే. గాయంతో బ్రతికిన రోజులు అనేకం. ఆ త్యాగాన్ని రాతి మీద చెక్కడం కష్టమైనంత మాత్రాన తక్కువ చేయరాదు. మూడవది, ఆ ఫలకాన్ని ఎవరు, ఏ కాలంలో నిలిపారు అన్నది. ఆక్టర్లోనీ స్తంభం పేరు మారిన తీరు దీనిని బోధిస్తుంది. నాలుగవది, ఆ స్థలం ఇప్పుడు ఏ పనికి ఉపయోగపడుతున్నది అన్నది. మొదటి మూడూ గతానికి చెందినవి. చివరిది వర్తమానపు బాధ్యత.

అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేటకు వెళ్ళే ఆంధ్ర విద్యార్థికీ, హిజ్లీకి వచ్చే బెంగాలీ విద్యార్థికీ ఈ నాలుగు ప్రశ్నలూ సమానమే. వీరుల భాషలు వేరు, అడవులు వేరు, మార్గాలు వేరు. వారిని బంధించిన శాసనాధికారం ఒక్కటే, వారు కోరినదీ ఒక్కటే.

ఖరగ్‌పూర్ తెలుగువారి విషయంలో ఇటీవలి ఒక పరిణామాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల జాబితాలో చోటు కల్పించడానికి ఆమోదం తెలిపినది. నూరేళ్ళ క్రితం కార్ఖానా పనికి వచ్చినవారి మునిమనుమల మాటకు ఆ రాష్ట్రంలో గౌరవస్థానం లభించినది. ఇట్టి గుర్తింపు కాగితం మీద నిలిచిపోక, బడిలో పుస్తకంగా, గ్రంథాలయంలో పాఠకునిగా మారినప్పుడే సార్థకమవుతుంది. బెంగాలీ గడ్డ మీది అమరుల కథను ఖరగ్‌పూర్ తెలుగు బాలుడు తన భాషలో చదువుకోవాలి. కళింగాంధ్ర నుండి వచ్చిన కార్మికుల కథను అతని బెంగాలీ సహాధ్యాయి కూడ వినాలి. ఇచ్చిపుచ్చుకోవడం లేని చోట సమైక్యత నినాదంగానే మిగులుతుంది.

కచేరీగా పుట్టి, చెరగా మారి, గుండు దెబ్బలు తిని, విద్యాలయమైన హిజ్లీ భవనం నేటికీ నిలిచి ఉన్నది. ఆ గోడల ముందు తలవంచడం ఒక నిమిషం పని. అక్కడ పొందిన విద్యను ప్రజలకు ఉపయోగపడేటట్లు చేయడం ఒక జీవితకాలపు పని. మొదటిది రెండవదాన్ని గుర్తుచేయడానికే స్మారకం.

అభ్యాసం

1. వాల్తేరు–కటకం రైలుమార్గం బి.ఎన్.ఆర్.లో కలవడానికీ, తెలుగువారు ఖరగ్‌పూర్ చేరడానికీ గల సంబంధాన్ని వివరించండి.

2. విచారణ లేకుండా నిర్బంధించడం ఎందువల్ల అన్యాయమో ఐదు వాక్యాలలో రాయండి.

3. హిజ్లీ కాల్పులపై మొదటి ప్రభుత్వ ప్రకటనకూ, విచారణ సంఘం నిర్ణయానికీ గల భేదం ఏమి? ఆ భేదం నుండి విద్యార్థి నేర్చుకోవలసినదేమి?

4. మీ ఊరిలో గాని, సమీపంలో గాని ఉన్న ఒక స్మారక ఫలకాన్ని చూసి, వ్యాసంలో చెప్పిన నాలుగు ప్రశ్నలకు జవాబులు సేకరించండి. ఫలకం మీద పేరు లేని ఒకరి సేవను గురించి ఊరి పెద్దలనడిగి రాయండి.